ఏమీ లేదన్న రాత్రి నుంచి గువ్వలచెరువు దాకా

ఏడాదిన్నర దాటింది కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నా. అప్పట్లో అయితే గుండె దడ అన్న మాట నోటితో అనడానికే భయపడేదాన్ని, అంటే మళ్ళీ వస్తుందేమోనని.

మాది కడప. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో నేను, అత్తమ్మ, ఇంటర్ చదివే మా పాప. పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే రాత్రి పన్నెండు దాకా మిషన్ మీదే ఉంటాను. ఆయన డ్యూటీ దిగి ఫోన్ చేసేది అక్కడ తొమ్మిదిన్నరకు, మనకు అప్పుడు పన్నెండు. మాట్లాడి పడుకునేసరికి ఒకటి దాటేది. నిద్ర ఆపుకోవడానికి టీ తాగేదాన్ని, రోజుకు ఆరో ఏడో, ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అన్నం మాత్రం ఎప్పుడు గుర్తొస్తే అప్పుడే.

ఏప్రిల్‌లో ఒక రాత్రి, రెండు నెలలుగా కఫీల్, అంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని, జీతం ఇవ్వలేదని ఆయన ఫోన్‌లో చెప్పారు. "ఏం కాదులే, చూసుకుందాం" అని నేనే ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను. పడుకున్న పది నిమిషాలకు ఛాతీ మీద ఎవరో రోలు పెట్టినట్టయింది. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపిస్తోంది. ఎంత పీల్చినా గాలి చాలడం లేదు. వేళ్ళు తిమ్మిరెక్కి లోపలికి ముడుచుకుపోయాయి, తెరుద్దామంటే తెరుచుకోవు. మా నాన్న గుండెపోటుతోనే పోయారు. నా వంతు వచ్చిందనుకున్నాను. పాపను లేపి బీరువా తాళం ఎక్కడుందో, చీటీ డబ్బులు ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పడం మొదలుపెట్టాను. పదహారేళ్ళ పిల్ల, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి పక్కింటి ఆటో భాయ్ తలుపు కొట్టింది. ఆయన లుంగీ మీదే వచ్చేశాడు. "ఏం కాదక్కా, వచ్చేసినాం, వచ్చేసినాం" అని దారంతా అంటూనే ఉన్నాడు. రెండు రోజుల తర్వాత డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఆయన పిల్లలు చల్లగా ఉండాలి.

ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, ఇంజెక్షన్ ఇచ్చారు. డ్యూటీ డాక్టరు కాగితం చూసి నాతో కాదు, మా పాపతో అన్నాడు: "మీ నాన్న కువైట్‌లోనా? అదే మరి. తోడు లేకపోతే ఆడవాళ్ళకు ఇట్లాంటివి పుడతాయి. ఏమీ లేదు, తీసుకుపో." అని నవ్వాడు. పక్కనున్న నర్సు కూడా నవ్వింది. మా పాప తల దించుకుని నేల చూస్తూ నిలబడింది. ఈసీజీ బాగుందన్నందుకు ఆయనకు దండం పెడతాను. ఆ నవ్వును మాత్రం ఈ రోజుకూ క్షమించలేదు. ఏమీ లేకపోతే నా వేళ్ళు ఎందుకు ముడుచుకున్నాయి? అది ఎవరూ చెప్పలేదు.

చెప్పకపోవడం వల్ల ఏమైందంటే, తర్వాత ఐదు నెలలు నేను నా నాడి పట్టుకుని కూర్చున్నాను. మెట్లెక్కితే భయం, ఎండలోకి వెళ్తే భయం. రాయచోటిలో మా అమ్మ దగ్గరికి వెళ్దామని బస్సెక్కితే ఘాట్ మలుపుల్లోనే అదే దడ మొదలైంది. గువ్వలచెరువులో దిగిపోయి, పాలకోవా అంగడి ముందు బెంచీ మీద కూర్చుని ఏడ్చి, తిరుగు బస్సులో ఇంటికొచ్చాను. ఆ తర్వాత అటువైపు వెళ్ళలేదు. అమ్మకు మాత్రం కుట్టుపని ఎక్కువగా ఉందని అబద్ధం చెప్పాను.

గాలి సోకిందని అత్తమ్మ అంది. నాకు కోపం వచ్చింది. కానీ నాతో పాటు నిద్ర మానుకుని కూర్చున్నదీ ఆమే. పెద్ద దర్గాకు తీసుకెళ్ళింది, దేవుని కడపలో వెంకన్నకు మొక్కించింది. ఉగాదికి ముస్లింలు కూడా వచ్చి కొబ్బరికాయ కొట్టే గుడి అది, మా ఊళ్ళో భయానికి మతం ఉండదు. దర్గాలో కూర్చున్న ఆ గంట నాకు నిజంగానే ఊపిరాడింది. ఎందుకో తర్వాత తెలిసింది.

చివరికి పాపే రిమ్స్‌లో, అంటే మా ఊరి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, సైకియాట్రీ ఓపీకి లాక్కెళ్ళింది. థైరాయిడ్ నార్మల్, హిమోగ్లోబిన్ తొమ్మిది. ఐరన్ మాత్రలు రాశారు. అక్కడి డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక నిమిషం గబగబా ఊపిరి తీయమంది. తీశాను. వేళ్ళు తిమ్మిరెక్కాయి, పెదాల చుట్టూ చీమలు పాకినట్టయింది, అచ్చం ఆ రాత్రిలాగే! "ఇప్పుడు మెల్లగా వదులమ్మా" అంది. రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోయింది. భయపడితే అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుందట, ఊపిరి వేగమవుతుందట, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు అలా అవుతాయట. ఈ నాలుగు ముక్కలు ఆ రాత్రే చెప్పి ఉంటే నా ఐదు నెలలు మిగిలేవి.

ఈ భయానికి ఆమె ఇచ్చిన మాత్రలు పనిచేయడానికి మూడు నాలుగు వారాలు పట్టింది, మొదటి వారం కడుపులో తిప్పింది కూడా. మధ్యలో బాగుంది కదా అని మానేయబోతే డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. ఆమె చెప్పాకే నెమ్మదిగా తగ్గించి ఆపాను.

మాత్రల కంటే నాకు కష్టమైనవి అలవాట్లు. టీ ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వచ్చింది, అందుకని ఒక్కొక్కటే తగ్గించి పొద్దున రెండుకు తెచ్చాను. సాయంత్రం తాగిన టీలో సగం కెఫీన్ ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుందని నాకెక్కడ తెలుసు! ఆయనతో ఫోన్ రాత్రి తొమ్మిదికి మార్చుకున్నాం, పదిన్నరకు లైటు తీసేస్తాను. పొద్దున ఎండ రాకముందే నడక. ఇంకొకటి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు, మెడ మలుపు కుట్టేటప్పుడు ఊపిరి బిగబట్టి, పళ్ళు కరుచుకుని కూర్చుంటున్నానని అప్పుడు గమనించాను. ఇరవై ఏళ్ళుగా రోజంతా అదే! ఇప్పుడు ప్రతి బ్లౌజు ముక్క తీయగానే ఆగుతాను. నాలుగు లెక్కపెట్టి తీసుకుని, ఆరు లెక్కపెట్టి వదులుతాను. వదిలేటప్పుడే గుండె నెమ్మదిస్తుంది. దర్గాలో జరిగిందీ ఇదే అనుకుంటాను, దేవుడి దయ కూడా అనుకుంటాను, రెండూ నాకు నిజమే.

మొదటిసారి ఛాతీ నొప్పి వస్తే మాత్రం టెన్షన్ అని ఇంట్లో కూర్చోవద్దు, ఈసీజీ తీయించుకోండి. గుండె బాగుందన్నాక కూడా భయం పోకపోతే సిగ్గుపడకుండా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళండి. వెళ్ళలేకపోతే 14416కు ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

రాయచోటి బస్సు సంగతి కూడా చెప్పాలి. డాక్టరమ్మ చెప్పినట్టే కొంచెం కొంచెంగా వెళ్ళాను. మొదటి వారం ఘాట్ మొదలయ్యే దాకా, తర్వాత గువ్వలచెరువు దాకా, పాప పక్కనుండగా. పోయిన దసరాకు ఒక్కదాన్నే ఎక్కాను. మలుపుల్లో దడ వచ్చింది. రానీ అని కూర్చున్నాను, వదిలేటప్పుడు ఆరు లెక్కపెట్టుకుంటూ. గువ్వలచెరువులో బస్సు ఆగింది. ఆ బెంచీ అక్కడే ఉంది. కిటికీలోంచి చెయ్యి చాపి అరకిలో కోవా తీసుకున్నాను, అమ్మకు. బస్సు కదిలింది.