పొయ్యి ఆరింది, లోపలి వాపు ఆరలేదు

నేను ఏనాడూ బీడీ ముట్టలేదు, చుట్ట ముట్టలేదు. మా అత్తగారు చుట్ట కాల్చేది గానీ నాకు ఆ వాసనే పడేది కాదు. అందుకే ఛాతీ డాక్టరు గారు "మీది సీఓపీడీ అమ్మా, ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే మొండి జబ్బు" అన్నప్పుడు, అది పొగ తాగే మగవాళ్లకు వచ్చే జబ్బు కదండీ అని అడిగాను. ఆయన దానికి జవాబు చెప్పకుండా, "పెళ్లయిన దగ్గర్నుంచి వంట దేని మీద చేశారు?" అని అడిగారు.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే ఊరు. పదహారేళ్లకు కాపురానికి వచ్చాను. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి రాజేసేదాన్ని. కంది కట్టె, తుమ్మ మొద్దులు, వానాకాలం వస్తే సగం తడిసిన పిడకలు. మా వంటిల్లు తాటాకు పంచ. కిటికీ లేదు, చూరు కింద సందులోంచే పొగ పోవాలి. పొగాకు సీజన్ మొదలైతే బ్యారన్, అంటే ఆకును వేడికి ఆరబెట్టే కొట్టం, ఆ పని తోడయ్యేది. ఆకు రెలిచి, కర్రలకు కట్టి, బ్యారన్‌కెక్కిస్తే ఐదారు రోజులు రాత్రీ పగలూ కింద మంట ఆరకూడదు. మా ఆయనా నేనూ వంతులు వేసుకుని కట్టెలు తోసేవాళ్లం. ఆ తర్వాత గ్రేడింగ్, ఆకును రకాల వారీగా వేరు చెయ్యడం. షెడ్డులో ఆకుల మధ్య కూర్చుంటే సాయంత్రానికి ముక్కులో, గొంతులో దుమ్మే. పిల్లలు కొంచెం పెద్దయ్యాక అంగన్‌వాడీలో ఉద్యోగం వచ్చింది. అక్కడా మా ఆయా వండేది కట్టెల మీదే, గది ఒక్కటే.

1999లో దీపం పథకం వచ్చింది కదా, ఆ తర్వాత రెండేళ్లకు మాకూ గ్యాస్ ఇచ్చారు. సిలిండర్ నెల దాటి రావాలని టీకి, కూరకు మాత్రం గ్యాస్ వాడి, అన్నానికి, స్నానాల నీళ్లకు కట్టెల పొయ్యే ఉంచాను. మా ఊళ్లో అందరిళ్లలోనూ అంతే.

నలభై ఐదేళ్లు వచ్చేసరికి పొద్దున్నే దగ్గు, గళ్ళ. తర్వాత బిందె ఎత్తితే ఆయాసం. రాత్రిళ్లు పిల్లికూతలు. ఊళ్లో వైద్యం చేసే ఆయన ఉబ్బసం అని చెప్పి సూది వేసి, చిన్న తెల్ల మాత్రలు ఇచ్చాడు. వేసుకున్న పూట ప్రాణం లేచొచ్చినట్టుండేది. అవి అయిపోతే మందుల షాపులో ఖాళీ అట్ట చూపించి మళ్లీ తెచ్చుకునేదాన్ని. చీటీ అడిగినవాళ్లు లేరు. మూడేళ్లు అలాగే గడిచింది. ముఖం గుండ్రంగా ఉబ్బింది, చెయ్యి దేనికైనా తగిలితే నల్లగా కమిలిపోయేది, షుగర్ వచ్చింది. షుగర్ చూపించుకోవడానికి వెళ్తే ఒక డాక్టరమ్మ ఆ అట్ట చూసి ఇవి స్టెరాయిడ్లని చెప్పింది. ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించింది. మూడేళ్లలో ఒక్కరైనా ఈ మాట నాకు చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

2022 ధనుర్మాసంలో మంచు బాగా పట్టింది. రెండు రోజులు గళ్ళ పచ్చగా పడింది. మూడో రాత్రి పడుకోలేకపోయాను. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలతో గాలి లాగుతున్నాను. డొక్కలు ఎగిరిపడుతున్నాయి. మా ఆయన్ని "నీళ్లు" అని అడగబోతే "నీ" దగ్గరే గుక్క ఆగిపోయింది. ఆయన 108కి ఫోన్ చేశారు. అంబులెన్స్‌లో వేలికి పెడితే ఆక్సిజన్ 81 చూపించింది.

ఆసుపత్రిలో మాస్క్ పెట్టారు. కాసేపటికి 90 అయింది. కరోనా రోజుల నుంచి అందరికీ 95 ఉండాలని తెలుసు కదా, మా అమ్మాయి ఏడుస్తూ "ఇంకొంచెం పెంచండి సిస్టర్" అని బతిమాలింది. సిస్టర్ పెంచలేదు. అప్పుడు మాకు ఆవిడ మనసులేని మనిషిలా అనిపించింది. పొద్దున రౌండ్స్‌లో డాక్టరు గారు చెబితే గానీ తెలియలేదు. మాలాంటి ఊపిరితిత్తులకు 88 నుంచి 92 వరకు చాలట. అంతకు మించి ఆక్సిజన్ ఇస్తే కొందరిలో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక రక్తంలో పేరుకుపోయి, మగత కమ్మి, స్పృహ తప్పే ప్రమాదం ఉందట. ఆ సిస్టర్ రాత్రంతా నా మంచం దగ్గరికి వచ్చి అంకె చూసుకుని వెళ్లింది. అదంతా నా కోసమేనని తర్వాత అర్థమైంది.

రెండో రోజు మందుల్లో అదే తెల్ల మాత్ర కనిపించింది. నేను వేసుకోనన్నాను. డాక్టరు గారు స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నారు. "మీ ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉందమ్మా. పొగ పడ్డప్పుడల్లా దాన్ని శుభ్రం చెయ్యడానికి రక్తంలోంచి తెల్లకణాలు వస్తాయి. అవి వదిలే రసాయనాలు పొగ కణాలతో పాటు మీ గొట్టాల గోడల్నీ తినేస్తాయి. ఏళ్ల తరబడి అలా జరిగితే పొగ మానేసినా ఆ వాపు పూర్తిగా పోదు. మామూలు రోజుల్లో నివురు కింద నిప్పులా ఉంటుంది. జలుబో ఇన్‌ఫెక్షనో తగిలితే ఇలా భగ్గుమంటుంది. ఇప్పుడు మండుతోంది కాబట్టి రోజుకు 40 మిల్లీగ్రాములు, ఐదు రోజులు. ఆరో రోజు ఆపేస్తాను. మీరు ఇదే మాత్రను మూడేళ్లు వేసుకున్నారు, తప్పు అక్కడ జరిగింది" అన్నారు. రక్తపరీక్షలో ఒంట్లో వాపును చూపించే సీఆర్‌పీ 62 వచ్చింది, మామూలుగా అది పదిలోపే ఉంటుందట. షుగర్ పెరిగితే ఇన్సులిన్‌తో సర్దారు. చెప్పినట్టే ఆరో రోజు మాత్ర ఆపారు.

అసలు పరీక్ష ఆరు వారాలకు, కాస్త కోలుకున్నాక చేశారు. గొట్టంలోకి ఊదాలి. నాకు ఊదుగొట్టం అలవాటే కాబట్టి బుగ్గలు నింపుకుని పొయ్యి రాజేసినట్టు ఊదాను. టెక్నీషియన్ అమ్మాయి "అలా కాదు పెద్దమ్మా, గుండెల నిండా పీల్చి ఒక్కసారిగా వదలండి, ఆపకుండా, ఇంకా, ఇంకా" అంటూ నా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆరు సెకన్లు ఊదడానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గాలి గొట్టాలు విప్పే మందు పీల్పించి మళ్లీ ఊదించారు. ఊదిన గాలి మొత్తంలో మొదటి సెకనులో బయటికి వచ్చింది సగమే. అది 70 శాతం కన్నా తగ్గితే గొట్టాలు మూసుకున్నట్టు. మందు పీల్చినా ఆ అంకె పెద్దగా మారకపోవడం చూసి, ఇది ఉబ్బసం కాదని తేల్చారు.

ఇన్‌హేలర్ రాశారు. గొట్టాలు విప్పే మందు, వాపు తగ్గించే స్టెరాయిడ్ కొద్ది మోతాదులో, రెండూ కలిపి. రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు 320 ఉన్నాయి కాబట్టి నాకు ఆ స్టెరాయిడ్ పని చేస్తుందన్నారు. అవి మరీ తక్కువ ఉన్నవాళ్లకు అంతగా ఉపయోగం ఉండదట, పైగా న్యుమోనియా భయం. మా పక్కింటావిడ దగ్గొచ్చిన రాత్రి "వదినా, నీది ఒక్కసారి ఇవ్వు" అని అడిగినప్పుడు నేను ఇవ్వకపోవడానికి కారణం ఇదే. మర్నాడు నేనే తోడు వెళ్లి పరీక్ష చేయించాను.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. నాలుగు నెలలు బాగుండేసరికి, ఆయాసం లేదు కదా, డబ్బు దండగ ఎందుకని ఇన్‌హేలర్ ఆపేశాను. జూన్‌లో తొలకరి పడ్డ వారంలోనే మళ్లీ ఆసుపత్రి. మందు పని చేస్తేనే నేను బాగున్నానని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆయాసం కంటికి కనిపిస్తుంది, వాపు కనిపించదు. ఇలాంటి దాడి వచ్చిన ప్రతిసారీ ఊపిరి కొంత తరిగిపోతుందని, అది మళ్లీ పూర్తిగా వెనక్కి రాకపోవచ్చని డాక్టరు గారు చెప్పిన రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను.

ఆ ఏడాది నా తొడలు సన్నబడ్డాయి, జాకెట్లు వదులయ్యాయి. వాపు ఊపిరితిత్తుల్లోనే ఆగదట, ఒంట్లో కండను కూడా కరిగిస్తుందట. వారానికి రెండు రోజులు ఒంగోలు బస్సెక్కి వ్యాయామానికి వెళ్లాను, ఎనిమిది వారాలు. మొదటి రోజు ఆరు నిమిషాల్లో 210 మీటర్లు నడిచాను, నాలుగుసార్లు ఆగాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, ఇసుక నింపిన సీసాలు ఎత్తడం, పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా గాలి వదలడం నేర్పారు. ఆ చివరిది ఊదుగొట్టం పట్టిన మూతికి వెంటనే వచ్చేసింది. ఇంట్లో రోజుకు రెండు గుడ్లు, గుప్పెడు వేరుశనగలు తింటున్నాను. ఏటా ఫ్లూ టీకా వేయించుకుంటున్నాను, న్యుమోనియా టీకా కూడా వేయించుకున్నాను. ఎనిమిదో వారం 290 మీటర్లు వచ్చింది. ఆగింది ఒక్కసారే.

వంటింట్లో కట్టెల పొయ్యి ఎప్పుడో తీసేశాం. పెరట్లో నీళ్ల పొయ్యి మాత్రం ఉండేది. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు మా ఆయన గడ్డపార తెచ్చి, నన్ను లోపలికి వెళ్లమని, దాన్ని పగలగొట్టారు. నలభై ఏళ్లు ఆయన స్నానానికి నేను నీళ్లు కాచిన పొయ్యి అది.

ఇప్పుడు పొద్దున్నే ఆ మూల నిలబడి ఇన్‌హేలర్ పీలుస్తాను. మందు గొంతులో ఉండిపోతే నోరు పూస్తుంది కాబట్టి నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తాను. ఆ చప్పుడు వినపడకపోతే ఆయన మంచం మీద నుంచే "మందు పీల్చావా?" అని కేకేస్తారు.

"పీల్చానండీ" అంటాను. అప్పుడు గానీ ఆయన లేవరు.