లంబసింగిలో ఆకు అంచున బొట్లు

క్రిస్మస్ సెలవులకి పిల్లల్ని లంబసింగి తీసుకెళ్ళాం. మా పాపకి ఆరేళ్ళు, మా అన్నయ్య కొడుక్కి ఎనిమిది. రాత్రి రెండింటికి విశాఖలో బయల్దేరి, నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే కారు అద్దాల మీద మంచు, వెనక సీట్లో "ఇంకెంత దూరం" గోల. ఊరు దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. దీనికే కొర్రబయలు అని ఇంకో పేరు, బయట నిలబడితే కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని. బిగుసుకుపోయాం కూడా.

చెరువులవేనం కొండ మీంచి కింద పాలసముద్రంలా మంచు కనిపిస్తుందని అందరూ చెప్తే ఎక్కాం. మంచు మా కంటే ముందే పైకొచ్చేసింది, పక్కన ఎవరున్నారో కూడా తెలియలేదు. దిగొచ్చి, దారిలో ఓ స్ట్రాబెర్రీ తోట దగ్గర ఆగాం.

అసలు ట్రిప్పు అక్కడ మొదలైంది. మా పాప మడి పక్కన గొంతుక్కూర్చుని పిలిచింది. స్ట్రాబెర్రీ ఆకు అంచు రంపంలా ఉంటుంది కదా, ఒక్కో పంటి కొసన ఒక్కో నీటి బొట్టు, గుచ్చిన పూసల్లా. "మంచు పడిందిలే" అన్నాను. "మరి మధ్యలో ఇంత పెద్ద బొట్లు లేవేం?" అంది. నిజమే, మధ్యలో సన్నటి తడే ఉంది. కలుపు తీస్తున్నావిడ నవ్వి, "అది మంచు కాదమ్మా, మొక్క లోపల్నించి వచ్చింది" అంది. మావాడు ఒక ఆకుని కర్చీఫుతో శుభ్రంగా తుడిచేశాడు. టీ తాగి వచ్చేసరికి కొసల్లో మళ్ళీ గుండుసూది తలలంత బొట్లు!

"చలిలో మొక్కకి చెమటేంటమ్మా?"

మా ఇంటి నీళ్ళ ట్యాంకుతో పోల్చి చెప్పాను. పగలు ఆకు అడుగున ఉండే కంటికి కనపడనంత చిన్న నోళ్ళు తెరుచుకుని ఉంటాయి, నీరు ఆవిరై పోతూ ఉంటుంది. రాత్రి ఆ నోళ్ళు దాదాపు మూసుకుంటాయి, పైగా చల్లటి తేమ గాలిలో ఆవిరయ్యేదీ తక్కువే. కానీ మట్టి తడిగా ఉంటే వేళ్ళు నీళ్ళు లాగుతూనే ఉంటాయి. మోటారు కట్టెయ్యడం మర్చిపోతే ట్యాంకు పొర్లదూ, అలా ఆకు అంచున ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి బయటికొస్తాయి. మడుల మీద పరిచిన ప్లాస్టిక్ షీటు కూడా మట్టి తడి ఆరిపోకుండా కాస్తుంది.

ఎండెక్కాక, బస చేసిన చోట పెరట్లో జామచెట్టుకి రెండు పారదర్శక కవర్లు కట్టాం, ఒకటి ఎండలో ఉన్న కొమ్మకి, ఇంకోటి నీడలో ఉన్నదానికి. మధ్యాహ్నానికి ఎండ కవరు లోపలంతా చుక్కలు, మూలన ఓ చెంచాడు నీళ్ళు. నీడ కవరు కాస్త మసకబారింది, అంతే. "చెమటంటే ఇదీ" అన్నాను. ఎండకి ఆకు మరీ వేడెక్కకుండా నీరు వదులుతుంది, వట్టి గాలిలో అయితే అది మనకి కనపడదు.

తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగాక పాప ఒక్కసారిగా ఏడుపు: కవర్లు విప్పలేదట, ఆకులు ఉడికిపోతాయట. బస ఆయనకి ఫోన్ చేశాను.

"విప్పేశాను మేడం. కానీ ఆ కవర్లో నీళ్ళెందుకు పోశారండీ?"