ట్రంకు పెట్టె

మన పూర్వ విద్యార్థుల సంచిక చివరి పుటల్లో అచ్చయ్యే దాతల జాబితాలో నా పేరు చాలా ఏళ్ళుగా కనిపిస్తూనే ఉంది. సమ్మేళనానికి మాత్రం నేను ఒక్కసారి కూడా రాలేదు. ఉద్యోగంలో సెలవు దొరకడం లేదని నిర్వాహకులకు రాస్తూ వచ్చాను. అది నిజం కాదు. పని మీద గుంటూరు వచ్చిన రోజుల్లో కూడా మన పాఠశాల ఉన్న వీధి తప్పించి, అరండల్‌పేట మీదుగా చుట్టు తిరిగి వెళ్ళిపోయేవాణ్ణి. నాకు ముఖం చెల్లలేదు.

1983లో నేను పదో తరగతి చదువుతూ హాస్టలులో ఉండేవాణ్ణి. ఆ ఏటి కోతపండుగకు చుట్టుపక్కల క్రైస్తవ సంఘాల వారు తెచ్చిన గుమ్మడికాయలను, కోళ్ళను, పిడికెడు బియ్యాన్ని ఆరాధన అయ్యాక గుడి ఆవరణలోనే వేలం వేశారు. పిడికెడు బియ్యం సంగతి ఈ తరం వారికి తెలియకపోవచ్చు. మన వైపు క్రైస్తవ కుటుంబాల్లో తల్లులు అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని పేర వేరే కుండలో దాచి, ఆదివారం నాడు గుడికి తెచ్చి ఇస్తారు. ఇంట్లో అందరికీ చాలినా చాలకపోయినా ఆ పిడికెడు తీయడం మాత్రం మానరు. మా అమ్మ కూడా అలాగే తీసేది. లెక్కల్లో చురుకైనవాణ్ణని వేలం డబ్బు లెక్క రాసే పని నాకు అప్పగించారు. ఆ డబ్బులోంచి నేను 35 రూపాయలు తీశాను. నాగార్జునసాగర్ విహారయాత్రకు కట్టవలసిన సొమ్ము అది. ఇంటికి రాస్తే అమ్మ అప్పు చేస్తుందని తెలుసు, వెళ్ళకుండా ఉండలేనని కూడా తెలుసు.

డబ్బు పెట్టెను గుడి నుంచి హాస్టలుకు మోసుకొచ్చింది నా పక్క మంచం మిత్రుడు. లెక్క తగ్గిందని తేలగానే అనుమానం అతని మీదికి పోయింది. సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరి ముందూ అతని ట్రంకు పెట్టెను హాలు మధ్యకు తెప్పించి బోర్లించారు. రెండు చొక్కాలు, ఒక దుప్పటి, పాత గుడ్డలో చుట్టిన చిమ్మిలి ఉండలు, హార్లిక్స్ సీసాలో వాళ్ళమ్మ పెట్టి పంపిన నిమ్మకాయ పచ్చడి బయటపడ్డాయి. సీసా మూత ఊడి, ఆదివారాలు మాత్రమే తొడిగే అతని తెల్ల చొక్కా మీద ఎర్రని నూనె పాకింది. అతను ఏడవలేదు. ముందు సీసాను నిలబెట్టి మూత బిగించాడు, తరువాత మోకాళ్ళ మీద కూర్చుని ఆ నూనెను అరచేత్తో తుడవసాగాడు. తుడిచిన కొద్దీ మరక పెద్దదైంది. మడిచిన నోట్లు జేబులో పెట్టుకుని నేను మూడు మంచాల అవతల నిలబడి చూశాను.

డబ్బు దొరకలేదు గనుక అతనికి శిక్ష పడలేదు, దొంగ అనే మాట మాత్రం మిగిలిపోయింది. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వెళ్ళిన అతను టీసీ తీసుకుపోవడానికే తిరిగి వచ్చాడు.

దొరికిపోతానన్న భయం నాకు ఆ ఏడాదిలోనే తీరిపోయింది. సిగ్గు మాత్రం ఉద్యోగం వచ్చినా, పిల్లలు పుట్టినా నన్ను వదలలేదు. లూథరన్ ఆరాధన పాపపు ఒప్పుకోలుతో మొదలవుతుంది. గుడిలో అందరూ ఒక్క గొంతుగా పలికే ఆ మాటల్లో నా గొంతు కలపడం నాకు ఎన్నడూ కష్టం కాలేదు. కానీ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభు సంస్కారానికి అందరూ లేచే వేళకు చెప్పులు వెతుక్కునే నెపంతో బయటికి వచ్చేసేవాణ్ణి. బైబిలు 32వ కీర్తనలో దావీదు తాను మౌనంగా ఉన్నంత కాలం తన ఎముకలు క్షీణించాయని చెప్పుకున్నాడు. ఆ వాక్యం చదివినప్పుడల్లా పుస్తకం మూసేసేవాణ్ణి.

సంపాదన మొదలయ్యాక పాఠశాలకు డబ్బు పంపడం మొదలుపెట్టాను. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్న సుంకరి జక్కయ్య కథను నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఆ కథను సరిగా చదివితే, జక్కయ్య పైసా ఇవ్వకముందే యేసు అతన్ని చెట్టు మీద నుంచి పేరు పెట్టి పిలిచి, అతని ఇంట బస చేస్తానన్నాడు. నేనేమో ఎవరినీ ఇంటికి రానివ్వకుండా డబ్బు మాత్రం పంపాను. ఆ మాటకొస్తే యేసును పట్టిచ్చిన యూదా కూడా, అందుకు పుచ్చుకున్న 30 వెండి నాణేలను తిరిగి ఇచ్చేశాడు. అతను వాటిని యాజకుల దగ్గర పారవేశాడు గాని, తాను అప్పగించిన వాని ముఖం చూడలేకపోయాడు.

2022 మార్చిలో మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ మిత్రుని నంబరు దొరికింది. ప్రత్తిపాడు దాటాక ఒక పల్లెలో మిరప సాగు చేస్తున్నాడు, అక్కడి సంఘంలో పెద్ద. నేను వెళ్ళేసరికి కల్లంలో కాయలు ఎండబోసి తిరగేస్తున్నాడు. ఆ ఘాటుకు దగ్గుతూనే జరిగినదంతా చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఇలా అన్నాడు: "మా అమ్మ పోయేదాకా అడిగిందిరా, తీశావా నాయనా, నిజం చెప్పు అని. లేదమ్మా అంటే తల ఊపేది. నమ్మిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు."

దానికి నా దగ్గర జవాబు లేదు. జేబులోంచి కవరు తీశాను. అతను నా చేతిని అక్కడే ఆపేశాడు. "అది తీసుకుంటే అమ్ముకున్నట్టవుతుంది. ఊరికే ఇస్తున్నాను, ఊరికే తీసుకో. లే, కాళ్ళు కడుక్కో, అన్నం చల్లారిపోతుంది."

1517లో మార్టిన్ లూథర్ పాపపరిహార పత్రాల అమ్మకాన్ని ఎదిరించాడనీ, 1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి లూథరన్ సేవ మొదలుపెట్టాడనీ బడిలో చదువుకుని మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. కృప అంటే ఏమిటో మాత్రం ఆ కల్లంలో, మిరప దుమ్ము అంటిన ఆ చేతి దగ్గర తెలుసుకున్నాను.

ఆ మధ్యాహ్నం వారి ఇంట పీట మీద కూర్చున్నప్పుడు నాకు యేసు శిష్యుడు పేతురు గుర్తుకొచ్చాడు. చలిమంట దగ్గర నిలబడి యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకినవాడు, కొన్నాళ్ళకు తిబెరియ సముద్రతీరాన మరో నిప్పుల దగ్గరికి వచ్చాడు. ఆ నిప్పుల మీద చేపలు కాలుతున్నాయి. ఎందుకు బొంకావని యేసు అడగలేదు. వచ్చి భోజనం చేయమన్నాడు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగింది, గొర్రెలను అప్పగించింది, అందరూ తిన్న తరువాతే. మూడోసారి అడిగినప్పుడు పేతురు నొచ్చుకున్నాడని కూడా సువార్త చెబుతుంది. నొప్పి తగలకుండా ఆ సిగ్గు పోతుందని నేను అనుకోను. వాళ్ళమ్మ మాట నన్ను ఇప్పటికీ నిద్రలేపుతుంది. అయితే ఇప్పుడు లేచి ప్రార్థన చేయగలుగుతున్నాను. ఆ మరుసటి ఆదివారం సంస్కారానికి అందరితో పాటు లేచాను.

అన్నానికి ముందు అతను ప్రార్థన చేస్తూ నా పేరు పెట్టి, నా పిల్లలను దీవించమని దేవుణ్ణి అడిగాడు. వాళ్ళమ్మ పెట్టే తీరునే పెట్టిన నిమ్మకాయ పచ్చడిని అతని భార్య వడ్డిస్తూ, ఇంకాస్త వేసుకోండి అన్నయ్యగారూ అన్నారు.

బస్సు ఎక్కించేటప్పుడు మొహమాటపడుతూ అతను ఒకే ఒక్క కోరిక కోరాడు. ఆ రాత్రి హాలులో ఉన్నవారిలో ఇంకా బతికి ఉన్నవాళ్ళకు సంగతి తెలియాలి అన్నాడు. ఆ ట్రంకు పెట్టె ఎవరిదో వారందరికీ తెలుసు, కాబట్టి అతని పేరు ఇక్కడ రాయనవసరం లేదు. డబ్బు తీసినవాడి పేరే ఇన్నాళ్ళూ వారికి తెలియదు. ఈ వ్యాసం కింద సంపాదకులు అచ్చువేసే పేరు అదే.