సి దిగి బి అవడం వినిపించాలి

మూడేళ్ల పాటు నా గిటార్ టోన్ మీద నాకు గట్టి నమ్మకం ఉండేది. తలుపు వేసుకుని ఒక్కణ్నే వాయించుకుంటుంటే మెత్తగా, నిండుగా వినిపించేది. 16 అంగుళాల హాలో బాడీ (లోపల డొల్లగా ఉండే) గిటార్, మెడ దగ్గరి నెక్ పికప్ (తీగ కదలికను కరెంటుగా మార్చేది), 12 గేజ్ ఫ్లాట్‌వౌండ్ (నున్నని చుట్టు ఉన్న) తీగలు, 22 వాట్ల ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే యాంప్లిఫయర్). గిటార్ మీద టోన్ నాబ్ దాదాపు సున్నాలో, ఆంప్ మీద బాస్ (కింది స్వరాలు) 7లో, ట్రెబుల్ (పై స్వరాలు) 3లో ఉండేవి. జాజ్ టోన్ అంటే ఇదే అనుకున్నాను.

తర్వాత మొదటిసారి పియానో, డబుల్ బాస్, డ్రమ్స్‌తో కలిసి వాయించాను. రెండో పాట అయ్యాక బాస్ వాయించే పెద్దాయన దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నారు: “బాబూ, నీ చెయ్యి కదలడం కనిపిస్తోంది గానీ ఏ కార్డ్ వేస్తున్నావో తెలియట్లేదు. నా బాస్ మీద ఎవరో దుప్పటి కప్పినట్టుంది.” సరేనని వాల్యూమ్ పెంచాను. ఆరో తీగ ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) మీద వేలు పడగానే గిటార్ ఊళ పెట్టింది. అరచేత్తో తీగలు అదిమితే గానీ ఆగలేదు. మిగిలిన పాటలన్నీ ఆ స్వరం జోలికి వెళ్లకుండా, టెన్షన్ పడుతూ వాయించాను. ఇక ఆ గంటలో సంగీతం మీద ధ్యాస ఎక్కడుంటుంది?

తప్పు ఆంప్‌ది కాదు. నేను దాన్ని చిన్న శబ్దంలో, నా ఒక్కడి కోసం సెట్ చేసుకున్నాను. తక్కువ శబ్దంలో మన చెవికి బాస్ సరిగా అందదు, అందుకే ఆ నాబ్ తిప్పుతూ పోతాం. అదే సెట్టింగ్‌తో వాల్యూమ్ పెంచితే బాస్ ఒక్కసారిగా మీద పడుతుంది. పైగా ఆంప్‌ని నేల మీద, గది మూలలో పెట్టాను. నేల, రెండు గోడలు కలిసి కింది స్వరాలను ఇంకా పెంచేశాయి. ఇక హాలో బాడీ గిటార్ డొల్లలోని గాలి తనంతట తానే ఏదో ఒక స్వరానికి మోగుతుంది. నా గిటార్‌లో అది 110 హెర్ట్జ్ దగ్గర, అంటే ఆరో తీగ ఐదో ఫ్రెట్‌లో పలికే, పాశ్చాత్య సంగీతంలో ఏ (A) అనే స్వరం దగ్గర ఉంది. ఆంప్ నుంచి వచ్చిన ఆ ఏ (A) స్వరం గిటార్ పొట్టను కదిలిస్తుంది, ఆ కదలిక పికప్ ద్వారా మళ్లీ ఆంప్‌కి వెళ్తుంది. ఆ ఊళ అలా పుట్టింది.

అప్పటి నుంచి ఏ ఆంప్ ముందు కూర్చున్నా ఒకటే పరీక్ష పెడుతున్నాను. డి మైనర్ 7 కార్డ్‌ని (కార్డ్ అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపు) మూడు స్వరాలతోనే పట్టుకుంటాను: ఐదో తీగ ఐదో ఫ్రెట్‌లో డి, నాలుగో తీగ మూడో ఫ్రెట్‌లో ఎఫ్, మూడో తీగ ఐదో ఫ్రెట్‌లో సి. అక్కడి నుంచి జి 7కి వెళ్తాను. ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో జి వస్తుంది, ఎఫ్ కదలదు, మూడో తీగ మీద సి ఒక్క ఫ్రెట్ కిందికి దిగి బి అవుతుంది. జాజ్‌లో కథంతా ఆ ఒక్క ఫ్రెట్ జారడంలోనే ఉందని నేను నమ్ముతాను. ఆంప్ ఎంత తియ్యగా ఉన్నా, ఆ సి దిగడం గది అవతలి వైపు నిలబడ్డ మనిషికి వినిపించకపోతే అది నాకు పనికిరాదు. వేరే ఎవరి చేతనైనా వాయించి నేనే వెళ్లి అవతల నిలబడతాను. స్పీకర్ నుంచి ట్రెబుల్ టార్చ్ వెలుగులా నేరుగా ముందుకు వెళ్తుంది. ఆంప్ పక్కనే నిలబడితే ఆ వెలుగు మన మోకాళ్ల మీద పడుతుంది, చెవికి బాస్ మాత్రమే మిగులుతుంది. మనకు ముద్దగా వినిపించేది ఎదురుగా కూర్చున్నవాళ్లకి గీరుకుపోతూ ఉండొచ్చు కూడా.

ఈ పరీక్షతో మొదట తెలిసింది ఫెండర్ కంపెనీ ఆంప్‌ల నాబ్‌ల సంగతి. 1963లో వచ్చిన ట్విన్ రివర్బ్ 85 వాట్లు, రెండు 12 అంగుళాల స్పీకర్లు. దాని క్లీన్ టోన్‌కి నేను కూడా దాసోహమే. కానీ బాస్, మిడ్ (మధ్య స్వరాలు), ట్రెబుల్ మూడూ 5లో పెడితే అన్నీ సమానంగా ఉన్నాయని అనుకుంటాం చూడండి, అది నిజం కాదు. ఆ సర్క్యూట్‌లో మూడు నాబ్‌లూ మధ్యలో ఉంటే మిడ్ బాగా లోతుకు పడిపోతుంది. దాదాపు సమానంగా రావాలంటే మిడ్ 10కి తిప్పి, బాస్, ట్రెబుల్ 2 దగ్గరికి దించాలి. నేను అలా పెట్టినప్పుడు అది వేరే ఆంప్ అయిపోయింది. సి నుంచి బికి దిగడం గాజు మీద గీత గీసినట్టు వినపడింది. ఫెండర్‌దే ఇంకో ఆంప్ డీలక్స్ రివర్బ్‌లో మిడ్ నాబే లేదు, కాబట్టి అక్కడ బాస్ తగ్గించడం ఒక్కటే దారి. ట్విన్‌ని వదులుకోవడానికి నాకున్న కారణం బరువే. దాదాపు 29 కిలోలు మోసుకుంటూ మెట్లు ఎక్కాక, వేళ్లు అరగంట దాకా మాట వినవు.

రోలండ్ జేసీ-120 (జాజ్ కోరస్) ఆంప్ కూడా ఇంచుమించు అంతే బరువు. 1975 నుంచి వస్తోంది, ట్యూబులు లేవు, పేరులోనే జాజ్ ఉంది. శబ్దాన్ని అలలాడించే కోరస్ ఆపేసి, పై స్వరాలను పెంచే బ్రైట్ స్విచ్ తీసేసి, ట్రెబుల్ బాగా దించితే శుభ్రంగా పలుకుతుంది. నా పరీక్షలో నెగ్గింది. అయినా ఒక్కో స్వరం చివర కొంచెం చల్లగా అనిపించింది. ఇది నా చెవి సంగతి, మీ చెవి వేరు.

ట్యూబా, సాలిడ్ స్టేటా (ట్యూబులకు బదులు ట్రాన్సిస్టర్లతో పనిచేసేది) అన్న వాదనలో నేను ఎక్కువసేపు ఉండలేను. జాజ్ గిటారిస్ట్ జో పాస్ వాయించిన పాలీటోన్ సాలిడ్ స్టేట్ ఆంపే. ఆ కంపెనీ పెట్టిన టామీ గుమీనా అకార్డియన్ వాద్యకారుడు. ఒకేసారి బోలెడు స్వరాలు పట్టే వాద్యం చేతిలో ఉన్న మనిషి కాబట్టి, కార్డ్ లోపలి స్వరాలు విడివిడిగా వినపడాలన్న పట్టింపు ఆయనకు ఉండే ఉంటుందని నా ఊహ. మరోవైపు జాజ్ గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ 1939లో క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరినప్పుడు ఆయన వాయించింది గిబ్సన్ ఈఎస్-150 గిటార్, ఆంప్ చిన్న ట్యూబ్ ఆంపే. ఆ రికార్డింగులు ఒకసారి శ్రద్ధగా వినండి. టోన్ మసగ్గా ఉండదు, శాక్సొఫోన్‌లా అంచుతో పలుకుతుంది. టోన్ నాబ్ సున్నాకి తిప్పితేనే జాజ్ అని నాకు నేర్పింది ఎవరో గుర్తులేదు గానీ, దాన్ని మర్చిపోవడానికి ఆ రికార్డింగులే సాయపడ్డాయి. మరో జాజ్ గిటారిస్ట్ వెస్ మాంట్‌గోమరీ టోన్‌లో ఆ వెచ్చదనం సగం బొటనవేలిది. ఆయన పిక్ వాడలేదు. ఆ సగాన్ని ఏ ఆంపూ ఇవ్వలేదు.

వాట్ల గురించి ఒక్క మాట. 22 నుంచి 44కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. కాబట్టి డ్రమ్స్ మీద బ్రష్‌లు ఆడుతుంటే 22 వాట్లు చాలు, కర్రలు ఆడితే ట్యూబ్ ఆంప్ అంచులు చిట్లడం మొదలవుతుంది. ఆ చిట్లడం బ్లూస్‌కి అందం. మూడు స్వరాల కార్డ్‌లో మాత్రం సి, బి ఒకదాని మీద ఒకటి పులుముకుంటాయి.

చివరికి నేను తీసుకున్నది హెన్రిక్సన్ కంపెనీ ఆంప్, సాలిడ్ స్టేట్, 10 అంగుళాల స్పీకర్ ఒక్కటే. దాని ఈక్యూలో (స్వరాల ఎత్తును బట్టి శబ్దాన్ని పెంచి తగ్గించే భాగంలో) ఐదు నాబ్‌లు ఉన్నాయి, ఊళ పెట్టే చోటును మాత్రమే పట్టుకుని దించగలిగేలా. ట్యూబ్ ఆంప్ ఇంకా నా దగ్గరే ఉంది, అర్ధరాత్రి ఒంటరిగా వాయించుకోవడానికి దానికి సాటి లేదు. కొత్త ఆంప్‌ని నేల మీద పెట్టను. స్టూల్ మీద, గోడకి దూరంగా, నా చెవి వైపు కాస్త వాల్చి పెడతాను. బాస్ తక్కువ, గిటార్ టోన్ నాబ్ 6 దగ్గర. గదిలో ఒక్కణ్నే వింటే మొదట్లో ఎండిపోయినట్టు అనిపించింది. వారం రోజులు నాబ్ ముట్టుకోకుండా ఓపిక పట్టాను.

తర్వాత అదే పెద్దాయనతో మళ్లీ వాయించాను. ఆయన నా వైపు వీపు పెట్టి పియానో వైపు తిరిగి నిలబడ్డారు. డి మైనర్ 7 తర్వాత రావాల్సిన జి 7 బదులు డి ఫ్లాట్ 7 వేశాను. పైన ఎఫ్, బి అవే ఉంటాయి, ఐదో తీగ మీద ఒక్క స్వరమే మారుతుంది. ఆయన జి వాయించేశారు, వాయించి తల ఒకసారి పక్కకి తిప్పారు. రెండోసారి ఆ చోటు వచ్చేసరికి ఆయన వేలు కూడా డి ఫ్లాట్ మీదే ఉంది.