ఎన్‌క్రుమా పాఠం

మన స్కూలు సావనీర్‌కి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. చింతచెట్టు, రేకుల షెడ్డు, గంట తాత, ఆ శనివారం సంగతి ఎలాగూ మీరంతా రాస్తారు. నేను సోషల్ మాస్టారి గురించే రాస్తాను.

అలీనోద్యమం పాఠం గుర్తుందా? నెహ్రూ, టిటో, నాసర్, సుకర్ణోల పక్కన ఘనా నాయకుడు ఎన్‌క్రుమా పేరు ఒక్కసారి వస్తుంది. ఆ ఒక్క పేరు మీద మాస్టారు నాలుగు పీరియడ్లు చెప్పారు. బోర్డు మీద 22,780 అని, దాని కింద 23,122 అని రాశారు. 1951 ఫిబ్రవరిలో గోల్డ్ కోస్ట్ ఎన్నికలు, అంటే బ్రిటిష్ పాలనలో ఉన్న నేటి ఘనా. రాజధాని అక్రాలోని అక్రా సెంట్రల్ నియోజకవర్గంలో పోలైన ఓట్లు కింది అంకె, ఎన్‌క్రుమాకి పడినవి పై అంకె. 'పాజిటివ్ యాక్షన్' పేరుతో సమ్మె చేయించినందుకు ఆయన అప్పుడు జేమ్స్ ఫోర్ట్ జైల్లో ఉన్నాడు. గవర్నర్ ఆయన్ని విడుదల చేసి ప్రభుత్వం నడపమన్నాడు. మరుసటి ఏడాదికి ప్రధానమంత్రి. జైలుకెళ్లొచ్చిన కార్యకర్తలు టోపీల మీద 'పీజీ' అని కుట్టించుకున్నారట, ప్రిజన్ గ్రాడ్యుయేట్ అని! ఆ తర్వాత మన క్లాసులో పీజీలు ఎవరయ్యారో వాళ్లకే తెలుసు.

నాలుగో పీరియడ్‌లో మాస్టారి గొంతు మారింది. 1957 మార్చి 6న ఘనాకి స్వాతంత్ర్యం వచ్చింది. మరుసటి ఏడాదే, విచారణ లేకుండా ఐదేళ్ల దాకా నిర్బంధించే చట్టం వచ్చింది. 1948లో బ్రిటిష్ వాళ్లు ఎన్‌క్రుమాతో పాటే అరెస్టు చేసిన స్వాతంత్ర్య పోరాట నాయకుడు డాంక్వా, 1965లో ఎన్‌క్రుమా ప్రభుత్వపు జైల్లోనే చనిపోయాడు. 1966 ఫిబ్రవరి 24న, ఎన్‌క్రుమా విదేశంలో ఉండగా సైన్యం ఆయన్ని దించేసింది. మళ్లీ సొంత గడ్డ మీద అడుగు పెట్టకుండానే 1972లో కన్నుమూశాడు.

"జైలు బాధ తెలిసినవాడు ఆ చట్టం ఎందుకు తెచ్చాడు?" హాఫ్ ఇయర్లీలో ఇదే ప్రశ్న. అధికారం మనిషిని మారుస్తుంది అని రెండు లైన్లు రాశాను. మార్కులు వేయలేదు. ఎర్ర సిరాతో "ఇంకా ఆలోచించు" అని రాశారు.

పంతొమ్మిదేళ్లుగా నేను అక్రాలోనే ఉంటున్నాను. హైదరాబాద్ నుంచి మందులు తెప్పించే వ్యాపారం. నా సరుకు దిగేది తేమా రేవులో, ఎన్‌క్రుమా హయాంలో 1962లో ప్రారంభమైన రేవు. గోడౌన్‌లో నలభై మంది పనిచేస్తున్నారు. పెద్దమ్మాయి ఇక్కడే లెగాన్‌లో, ఘనా యూనివర్సిటీలో చదువుకుంది. ఎన్‌క్రుమా స్వాతంత్ర్యం ప్రకటించిన పోలో మైదానమే ఇప్పుడు ఆయన సమాధి ఉన్న పార్కు. సైన్యం ఆయన్ని దించేసిన నాడు జనం పడగొట్టిన ఆయన పాత విగ్రహం తల లేకుండా అక్కడ నిలబడి ఉంటుంది. ఆ తలని పక్కనే విడిగా పెట్టారు.

మన ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను. మాస్టారిని ఒక్కసారి తీసుకురావాలని చాలా ఉండేది. టికెట్ గురించి మాట్లాడిన ఏడాదే ఆయన పోయారు.

ఆ విగ్రహం ఫొటో పంపుతున్నాను. సంచికలో మాస్టారి ఫొటో ఉన్న పేజీలోనే వేయండి. కింద నా పేరు వద్దు, ఆ ప్రశ్న వేయండి.