జామాయిల్ వాసన

రోమ్‌లో మెట్రో బి లైన్ చివరి స్టేషన్‌లో దిగి పావుగంటకు పైగా నడిచాక త్రె ఫొంతానె మఠం దారి వచ్చింది. పల్లంలోకి దిగుతున్నకొద్దీ బస్సుల రొద తగ్గిపోయింది. అప్పుడు తగిలింది ముక్కుకి ఆ వాసన. అక్కడే నిలబడిపోయాను. సత్తుపల్లి దగ్గర మా ఊళ్ళో వాన వెలిసిన సాయంత్రం చేల వైపు నుంచి వచ్చే వాసన అది. జామాయిల్. యూకలిప్టస్ అని పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా, నా మనసులో దాని పేరు అదే.

ఇది 2019 అక్టోబరు మాట. నా పరిశోధన మలేరియా చరిత్ర మీద. వైద్యం ఒక పక్క, నీళ్ళూ చెట్లూ ఒక పక్క, కాథలిక్ మిషనరీలు ఇంకో పక్క. మూడింటినీ ఒకే థీసిస్‌లో ఎలా ఇముడుస్తావని ఇంటర్వ్యూలో అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను. రోమ్‌లో మూడు వారాలు తిరిగాక తెలిసింది, వాటిని నేను కలపక్కర్లేదు. అక్కడ అవి కలిసే ఉన్నాయి.

అసలు మలేరియా అన్న మాటే ఇటలీ వాళ్ళది. మాల్ ఆరియా, అంటే చెడ్డ గాలి. రోమ్ చుట్టూ ఉన్న చిత్తడి నేలల నుంచి లేచే చెడు గాలి వల్లే జ్వరం వస్తుందని వందల ఏళ్ళు నమ్మారు. ఈ మఠం ఉన్న పల్లం కూడా అలాంటి చోటే. సెయింట్ పాల్ తల నరికింది ఇక్కడేననీ, ఆ తల మూడుసార్లు నేలను తాకిన చోట మూడు ఊటలు పుట్టాయనీ క్రైస్తవుల నమ్మకం. త్రె ఫొంతానె అంటే మూడు ఊటలనే అర్థం. 1868లో పోప్ తొమ్మిదో పయస్ ఈ చోటును ట్రాపిస్ట్ సన్యాసులకు అప్పగించారు. జ్వరాల భయం ఎంతంటే, మొదటి రోజుల్లో వాళ్ళు పగలంతా ఇక్కడ పనిచేసి, రాత్రి పడుకోవడానికి నగరంలోకి వెళ్ళిపోయేవారు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే మలేరియా దోమ కుట్టేది రాత్రిపూటే. కారణం తెలియకుండానే వాళ్ళు సరైన పని చేశారు.

తర్వాత చెట్లు నాటారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన యూకలిప్టస్ ఘాటు వాసన చెడు గాలిని శుభ్రం చేస్తుందనీ, వేళ్ళు నేలలోని తేమను పీల్చేస్తాయనీ ఆ రోజుల్లో యూరప్ అంతటా పేరు. సన్యాసులు వేల మొక్కలు నాటారు. ఆకులతో కషాయం కాచి తాగారు. మఠం దుకాణంలో ఇప్పటికీ ఆ ఆకుతో చేసిన మద్యం సీసాలు అమ్ముతున్నారు. అయినా జ్వరాలు పూర్తిగా ఆగలేదు. చెట్లు పెరిగాక, 1880ల్లో కూడా ఇక్కడ మలేరియా విరుచుకుపడింది. నేల కొంత ఎండింది కానీ, చుట్టుపక్కల మడుగుల్లో నీళ్ళు నిలిచే ఉన్నాయి, దోమలూ ఉన్నాయి. దోమ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

ఒక చెట్టు కింద రాలిన ఆకు తీసి నలిపాను. కొడవలిలా వంగిన సన్నటి ఆకు, మధ్యలో పచ్చటి ఈనె. వేళ్ళకు జిడ్డు అంటింది. "జామాయిల్ వేస్తే బోరులో నీళ్ళు ఉండవురా" అని మా ఊళ్ళో రైతులు అనే మాట గుర్తొచ్చింది. కాగితం మిల్లుకు కర్ర అమ్మితే డబ్బులొస్తాయని మా నాన్న కూడా రెండెకరాల్లో వేశారు. పక్క చేను ఆయన ఇప్పటికీ ఆ గట్టు దగ్గర పత్తి ఎదగడం లేదంటాడు. నేలలో నీళ్ళు తాగేస్తుందని మేము తిట్టే చెట్టును, సరిగ్గా ఆ గుణం కోసమే ఈ సన్యాసులు నెత్తిన పెట్టుకున్నారు.

రెండో రోజు నుంచి నా మకాం వాటికన్ పక్కన బోర్గో శాంతో స్పిరితో వీధిలో. జెసూట్లనే కాథలిక్ సన్యాసుల సంఘం కేంద్ర ఆర్కైవ్స్ ఆ వీధిలోనే ఉంది. నాలుగడుగులు వేస్తే శాంతో స్పిరితో ఆస్పత్రి. 1198లో పోప్ మూడో ఇన్నోసెంట్ కాలంలో మొదలైన ఆస్పత్రి అది. టైబర్ నది ఒడ్డునే ఉంది కాబట్టి, చుట్టుపక్కల పొలాల్లో పనికి వెళ్ళి జ్వరంతో పడిపోయిన కూలీలు అక్కడికే వచ్చేవారు. లోపలున్న వైద్య చరిత్ర మ్యూజియం చూడటానికి ముందే మెయిల్ పెట్టి అడిగాను. అక్కడ నన్ను కదలనివ్వని వస్తువు ఒకటుంది. సింకోనా బెరడు పిండి చేసే తిరగలి.

సింకోనా అంటే మలేరియా మందు క్వినైన్ వచ్చే చెట్టు. ఆండీస్ కొండల్లో, ఇప్పటి ఈక్వెడార్‌లోని లోహా ప్రాంతంలో పెరిగేది. పెరూలోని లిమాలో జెసూట్ల సాన్ పాబ్లో కాలేజీ మందుల గదిని అగొస్తీనో సలుంబ్రీనో అనే బ్రదర్ నడిపేవాడు. ఆ దారిలో బెరడు రోమ్ చేరింది. కార్డినల్ హువాన్ దె లూగో దాన్ని పేదలకు పంచిపెట్టాడు. ఆ ఆస్పత్రి పాత గోడబొమ్మల్లో ఆయన రోగికి ఆ మందు ఇప్పిస్తూ కనిపిస్తాడు. 1649లో రోమ్ జెసూట్ కాలేజీ మందులశాల నుంచి ఒక చీటీ అచ్చయింది. రెండు డ్రాముల (డ్రాము పాతకాలపు చిన్న తూకం) బెరడును మెత్తగా నూరి, జల్లించి, జ్వరం వస్తుందనుకునే వేళకు మూడు గంటల ముందు గాఢమైన వైన్‌లో నానబెట్టాలి, చలి మొదలవగానే మొత్తం తాగేయాలి అని అందులో రాశారు. ఒక మందు వాడకాన్ని ఇంత స్పష్టంగా రాసి ఊరూరా పంచడం నాకు పెద్ద విషయంగా అనిపించింది.

జనం దాన్ని జెసూట్ల పొడి అన్నారు, కార్డినల్ పొడి అన్నారు. దాంతో పెరూ వైస్రాయ్ భార్య, చించోన్ కౌంటెస్‌కు జ్వరం తగ్గిందన్న కథ పుట్టి కౌంటెస్ పొడి కూడా అయింది. ఆ కథ నిజం కాదని చరిత్రకారులు ఎప్పుడో తేల్చారు, కానీ వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఆ కౌంటెస్ పేరు మీదే చెట్టుకు సింకోనా అని పేరు పెట్టేశాడు. కొండలెక్కి బెరడు వలిచి మోసుకొచ్చిన లోహా ఆదివాసుల పేరు మాత్రం ఏ పొడికీ పెట్టలేదు. బెరడు వలిస్తే చెట్టు చచ్చిపోతుంది. గిరాకీ పెరిగినకొద్దీ ఆ అడవి కూడా తరిగిపోయింది. నా థీసిస్‌లో ఇది ఒక చిన్న పేరా. అక్కడ ఆ తిరగలి ముందు నిలబడ్డాక, ఒక అధ్యాయం కావాల్సిందే అనిపించింది.

మన వైపు దారి కూడా ఈ కథలోనే ఉంది. 1693లో చైనా చక్రవర్తి కాంగ్‌షీకి జ్వరం వస్తే, ఫ్రెంచ్ జెసూట్లు ఫోంతనే, విస్దెలూ ఇచ్చింది ఈ బెరడే. ఆ బెరడు పుదుచ్చేరిలో ఉన్న ఫాదర్ దొలూ పంపినది. చక్రవర్తి కోలుకుని వాళ్ళకు రాజనగరంలో ఇల్లిచ్చాడు.

శాంతో స్పిరితోలోనే 1898లో ఇటలీ శాస్త్రవేత్తలు గ్రాసీ, బిగ్నామీ, బస్తియనెల్లి కలిసి అనాఫిలిస్ దోమ మనిషికి మలేరియా అంటిస్తుందని నిరూపించారు. అంతకుముందు ఏడాదే, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. రోమ్‌లో దోమలతో కుట్టించుకుని జ్వరం తెచ్చుకున్న మనిషి పేరు సోలా. రాస్, గ్రాసీ ఎవరు గొప్ప అని జీవితాంతం కొట్లాడుకున్నారు. నా నోట్‌బుక్‌లో మాత్రం ఆ రోజు పేజీ మీద హుస్సేన్ ఖాన్, సోలా అని రెండు పేర్లే పెద్దక్షరాలతో రాసుకున్నాను.

తిరిగొచ్చాక మా ఊరు వెళ్ళాను. తాతయ్య చింతూరు ఏజెన్సీలో పంతులుగా చేసిన రోజుల్లో మూడుసార్లు చలిజ్వరం పడ్డారు. నోట్‌బుక్‌లో దాచిన ఆకు చేతిలో పెడితే వాసన చూసి, "ఇది మన చేలో లేదా, అంత దూరం నుంచి మోసుకొచ్చావా" అన్నారు. బెరడు పొడి, వైన్, 1649 నాటి చీటీ, అన్నీ చెప్పాను. ఆయనకు కుడిచెవి సరిగా వినపడదు, ఎడమ పక్కకు జరిగి మళ్ళీ చెప్పాను.

"వాళ్ళకీ చెవుల్లో మోత వచ్చేదా?" అన్నారు. "నేను ఆ క్వినైన్ బిళ్ళలు మింగితే మూడు రోజులు కీచురాళ్ళు అరిచినట్టుండేది. పిల్లలు ఎక్కాలు చెబుతుంటే పెదాలు చూసి దిద్దేవాణ్ణి."