సిద్ధాంత గ్రంథాల పనికి నేను ఎంచుకున్న ఆపరేటింగ్ సిస్టమ్

హనుమకొండలో మా ఇంటి ముందుగదిలో నేను డీటీపీ పని చేస్తాను. కాకతీయ విశ్వవిద్యాలయ పరిశోధకుల తెలుగు సిద్ధాంత గ్రంథాలే అందులో ఎక్కువ. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగుస్తుందని, విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ నా పాత కంప్యూటర్‌లో లేదని తెలిసి, ఆ ఏడాది మొదట్లోనే లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారాను.

కొత్త వెర్షన్లు ఎప్పటికప్పుడు అందుతాయన్న ఆశతో మొదట ఒక రోలింగ్ డిస్ట్రో, అంటే విడుదలల కోసం ఆగకుండా నిరంతరం అప్‌డేట్ అయ్యే లినక్స్ రకం, పెట్టుకున్నాను. కొన్ని నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఒక గ్రంథం సమర్పణకు రెండు రోజుల ముందు అప్‌డేట్ చేయగానే, ఒత్తులున్న పంక్తుల మధ్య ఎడం పెరిగి 240 పేజీలు 247 అయ్యాయి. "సార్, గైడ్ చూసి సరేనన్న ప్రతిలో పేజీలు ఇవి కావు కదా" అని ఆ పరిశోధకురాలు అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. విషయసూచిక అంతా మళ్లీ సరిచూశాం.

స్థిరత్వమంటే కంప్యూటర్ ఆగిపోకుండా ఉండటమనే అంతవరకు అనుకున్నాను. నిన్న ఎలా పనిచేసిందో రేపూ అలాగే పనిచేయడం అనే అర్థం నాకు ఆ రోజు తెలిసింది. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13 అనే మరో లినక్స్ రకాన్ని అందుకే ఎంచుకున్నాను. డెబియన్ స్థిర శాఖ, అంటే పరీక్షలు పూర్తయ్యాక అందరికీ ఇచ్చే విడుదల, సుమారు రెండేళ్లకొకసారి వస్తుంది. ఆ మధ్యకాలంలో చాలా ప్యాకేజీల వెర్షన్లు మార్చకుండా, భద్రతా సవరణలను మాత్రం అదే వెర్షన్‌లోకి తెచ్చి అందిస్తారు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి బయటపడినప్పుడు, ఆ వెర్షన్లు డెబియన్‌లో ఇంకా పరీక్షలో ఉండే టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖలకు చేరాయి కానీ స్థిర శాఖకు చేరలేదు. పోతన, వేమన పేర్లతో ఉన్న తెలుగు ఫాంట్లు డెబియన్‌లోనే దొరకడం, బమ్మెరకు దగ్గరివాడినైన నాకు మరో సంతోషం.

అయితే పాతదనానికీ ఖరీదుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో వైఫై పనిచేయాలంటే కొత్త కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూలభాగం) అవసరం కావచ్చు. దానికి బ్యాక్‌పోర్ట్స్ ఉన్నాయి, అంటే స్థిర శాఖలో వాడుకునేలా సిద్ధం చేసిన కొత్త వెర్షన్లు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థులకు నేను ఫెడోరా అనే లినక్స్ రకాన్నే సూచిస్తాను. అది ఆరు నెలలకొకసారి వస్తుంది, ఒక్కో విడుదలకు దాదాపు 13 నెలల మద్దతు ఉంటుంది.

నా యంత్రంలో కొత్తదనం అవసరమైన ఒకటి రెండు సాఫ్ట్‌వేర్లను, వాటిని వ్యవస్థ నుంచి వేరుగా ఉంచే ఫ్లాట్‌పాక్ అనే పద్ధతి ద్వారా పెట్టుకున్నాను. అవి మారినా కింది వ్యవస్థ కదలదు. పత్రాలు రాసే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, ఆ పాత గ్రంథం నకలునే అందులో తెరిచి పేజీలు లెక్కపెడతాను. 240 వస్తేనే మిగతా పని అందులోకి మారుస్తాను.